వదినె నా చెవిలో చెప్పిన కబురు

పోయిన వానకాలం, పత్తి చేనులో కలుపు తీస్తున్న ఒక శనివారం, పాట మధ్యలో నా గొంతు ఆగిపోయింది. మేం నలుగురు ఆడవాళ్లం వరసగా కూర్చుని, చర్చి సంఘంలో పాడే పాటలే పాడుకుంటూ కలుపు తీస్తాం. చరణం నేనెత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఆ రోజు నేనెత్తుకున్న చరణం నాకే గుర్తుకు రాలేదు. తల వెనక ఎవరో బొటనవేలితో ఒత్తుతున్నట్టు నొప్పి. ఎండ చుర్రుమంటుంటే ఒళ్లంతా చలి.

"ఏమైందే కరుణా, పాట మింగినవా?" అంది పక్క సాలులో ఉన్న మా వదినె శాంతమ్మ. ఆమె మా ఆయనకు పెద్దక్క.

"చలి పెడ్తున్నది వదినె."

"గీ ఎండల చలా? లే, ఇంటికి పో. జరమొచ్చే తీరున్నది."

మాది బోథ్ దగ్గర ఒక పల్లె. మా ఆయన రాజరత్నం పత్తి సీజన్‌లో ఆదిలాబాద్‌లోని జిన్నింగు మిల్లుకు పనికి పోతాడు. మిగతా రోజులు మాకున్న రెండెకరాలు చూసుకుంటాం. నేను బడికి పోలేదు. మా బాపు, నాన్నను అలాగే పిలుస్తాం, ఇంట్లోనే బైబిలు వాక్యం ముందు పెట్టి, వేలు ఆనించి ఒక్కో అక్షరం పలికించాడు. నాకు తెలిసిన చదువూ, నాకు తెలిసిన దేవుడూ ఆ ఒక్క చోటు నుంచే వచ్చాయి. ఈ జబ్బులో నాకు పెద్ద దెబ్బ తగిలింది అక్కడే కాబట్టి ముందే చెబుతున్నాను.

మొదటి మూడు రోజులు ఊళ్లో సూదులు వేసే డాక్టర్ వచ్చి చూశాడు. సూది వేసినప్పుడు చెమట పట్టి జ్వరం దిగేది, సాయంత్రానికి మళ్లీ ఎక్కేది. నాలుగో రోజు రక్తం తీయించాం. మలేరియా లేదు, డెంగ్యూ లేదు. టైఫాయిడ్ మాత్రం కొద్దిగా ఉన్నట్టుందన్నారు. ప్లేట్‌లెట్స్ తగ్గాయన్నారు. టైఫాయిడ్ మందులు మొదలుపెట్టారు. వాటితో ఏమీ కాలేదు.

ఇక్కడ నా తప్పు ఒకటుంది. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ము కింద, జాకెట్టు అంచు ఒత్తుకునే చోట, ఒక నల్లటి పొక్కు చేతికి తగిలింది. బీడీ నిప్పు అంటించినట్టుంది. నొప్పి లేదు, దురద లేదు. ఆ చోటు మగ డాక్టర్‌కు ఎలా చూపిస్తాను? మా ఆయనకు కూడా చెప్పలేదు. జ్వరానికీ దానికీ సంబంధం ఏముంటుందనుకున్నాను.

ఎనిమిదో రోజు పొద్దున మంచం మీద నుంచి లేచి గడప దాకా నడిస్తే ఊపిరి అందలేదు. పెదవులు నీలంగా ఉన్నాయని మా ఆయన అరిచాడు. ఆటోలో వేసుకుని నిర్మల్ తీసుకుపోయారు. వదినె నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆస్పత్రిలో వేలికి క్లిప్ పెట్టిన అమ్మాయి నంబర్ చూసి పరుగెత్తింది. డాక్టర్ వచ్చి ఈసీజీ తీయించి, మా ఆయనతో అన్న మాటలు నాకు వినబడ్డాయి.

"ఇక్కడ పెట్టుకోవద్దు. కరీంనగర్ తీస్కపోండి. లంగ్స్‌ల నీరు చేరింది, గుండె మీద గూడ ఎఫెక్ట్ ఉన్నట్టుంది. వెంటిలేటర్ అవసరం పడొచ్చు."

"బతుకుతది గద సార్?"

"ముందుగాల తీస్కపోండి. లేట్ చేయకుండ్రి."

అంబులెన్స్ వచ్చేదాకా నన్ను వరండాలో స్ట్రెచర్ మీద ఉంచారు. మా ఆయన కాగితాల కోసం లోపలికి పోయాడు. మధ్యాహ్నం కావస్తోంది. వదినె ఒక్కతే నా పక్కన ఉంది. అటూ ఇటూ చూసి, నా మొహం మీదికి వంగింది.

"కరుణా, ఇనవడ్తున్నదా?"

తల ఊపాను.

"ఒక్క మాట చెప్త. ఏమనుకోకు." ఆమె గొంతు చాలా మెల్లగా ఉంది, ఎవరింటికో పోయే మనిషితో చెప్పినట్టే ఉంది. "నువ్వు గనక పోతే, గక్కడ మా స్నేహ కనబడ్తది గద. దానికి చెప్పు. కన్న అవ్వకు నీ మీద కోపం లేదని చెప్పు. గా పొద్దుగాల అన్న మాట మనసుల నుంచి అన్లేదని చెప్పు. చెప్తవా?"

అప్పటిదాకా నేను చనిపోతానని అనుకోలేదు. ఊపిరి ఆడటం లేదు, అంతే, కరీంనగర్ పోతే ఆడుతుంది అనుకున్నాను. డాక్టర్ చెప్పని సంగతి నాకు వదినె చెప్పింది. పైగా ఆమె ఏడవడం లేదు. నేను బస్సెక్కుతున్నట్టు, బస్సు కదిలేలోపు కబురు అందించాలన్నట్టు తొందరపడుతోంది.

స్నేహ ఆమె ఒక్కగానొక్క బిడ్డ. పోయేనాటికి పంతొమ్మిదేళ్లు. రెండేళ్ల కింద క్రిస్మస్‌కు ముందు బాప్తిస్మం తీసుకోమని వదినె పట్టుబట్టింది. పరీక్షలయ్యాక తీసుకుంటానంది పిల్ల. మాటా మాటా పెరిగి, "పో, నా కండ్ల ముందట ఉండకు" అంది వదినె. కాలేజీకి పోయే షేర్ ఆటో ఆ రోజే బోల్తా పడింది. అప్పటి నుంచి వదినెను తినేస్తున్నవి రెండు: ఆ మాట, తీసుకోని బాప్తిస్మం. అది లేకుండా పిల్ల ప్రభువు దగ్గరికి చేరిందో లేదోనని ఆమె భయం.

ఇదంతా తెలిసినదాన్ని కాబట్టి, ఆక్సిజన్ మాస్కుతోనే మళ్లీ తల ఊపాను. చెప్తానని మాటిచ్చాను.

గోదావరి బ్రిడ్జి మీద బండి కుదుపు నాకు గుర్తుంది. మా ఆయన చెయ్యి చెమటతో జారడం గుర్తుంది. ఇక్కడి నుంచి రాసేది నాకు చెప్పగా విన్నది.

కరీంనగర్‌లో నేరుగా ఐసీయూకి తీసుకుపోయారు. గొంతులో ట్యూబ్ వేస్తుండగా గుండె ఆగిపోయింది. సీపీఆర్ చేశారు, షాక్ ఇచ్చారు. నాలుగు నిమిషాలకు గుండె మళ్లీ అందుకుంది. మా మరిది ప్రవీణ్ అద్దంలోంచి చూశాడు. ఇద్దరు మనుషులు మార్చి మార్చి నా రొమ్ము మీద బలంగా గుద్దుతున్నారు, తెర మీద గీత తిన్నగా పోతోంది. వాడు బయటికొచ్చి మెట్ల మీద కూలబడి ఊరికి ఫోన్ చేశాడు: "వదినె ఇంక లేదు." పిల్లవాడి తప్పేముంది, ఆ నాలుగు నిమిషాలూ అది నిజమే.

గుండె అందుకున్నా ఎందుకు ఆగిందో వాళ్లకు తెలియలేదు. మర్నాడు పొద్దున నాకు ఒళ్లు తుడిచిన నర్సమ్మ ఆ నల్ల పొక్కు చూసింది. చూసి ఊరుకోలేదు, డాక్టర్‌ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినంత పని చేసింది. స్క్రబ్ టైఫస్ అన్నారు. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి కనబడని చిన్న పురుగు కుడితే వస్తుందట. కుట్టిన చోట ఆ నల్ల పొక్కు లేస్తుందట. అది గుండె కండరానికి పాకింది, మయోకార్డైటిస్ అన్నారు. మందు మాత్రం డాక్సీసైక్లిన్, కొత్తదీ కాదు, దొరకనిదీ కాదు. మూడో రోజుకు జ్వరం విడిచింది. చదివే అక్కాచెల్లెళ్లారా, నేను సిగ్గుపడి దాచిన పొక్కును మొదటి రోజే చూపించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని డాక్టర్ గారు తర్వాత నా ముఖం మీదే అన్నారు. జ్వరం అయిదు రోజులు దాటితే, ఒంటి మీద అలాంటిది ఎక్కడున్నా చూపించండి. ఆ నర్సమ్మ పేరు నా ప్రార్థనలో రోజూ ఉంటుంది.

ఆరు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాను. మెలకువ వచ్చాక నాకు మొదట తెలిసింది పక్కటెముకల నొప్పి. సీపీఆర్‌లో ఒకటి చిట్లిందట. తర్వాత డాక్టర్ గారు మంచం పక్కన నిలబడి, నెమ్మదిగా చెప్పారు.

"అమ్మా, నాలుగు నిమిషాలు మీ గుండె కొట్టుకోలే. తెలుసా?"

నాకు తెలియదు. గొంతు రాలేదు. కళ్లతోనే అడిగాను.

"ఏమన్న యాదికున్నదా?"

లేదని తల అడ్డంగా ఊపాను.

"మంచిదే. రెస్ట్ తీస్కోండి."

ఆయన పోయాక నేను వెతుక్కున్నాను. ఇల్లంతా తిరిగి పోయిన వస్తువు వెతికినట్టు నా లోపల ఆ నాలుగు నిమిషాల కోసం వెతికాను. బ్రిడ్జి మీద కుదుపు ఉంది. తర్వాత పక్కటెముకల నొప్పి ఉంది. మధ్యలో ఏమీ లేదు. వెలుగు లేదు. పాట లేదు. మా బాపు లేడు, మా అవ్వ లేదు. చీకటి అన్నా ఉండాలి కదా, అదీ లేదు. బట్టను కత్తిరించి రెండు అంచులూ కలిపి కుట్టినట్టుంది.

మా సంఘంలో చిన్నప్పటి నుంచి విన్నది వేరు. కన్ను మూయగానే విశ్వాసి ఆత్మ పరదైసులో ప్రభువు దగ్గర ఉంటుందని పాస్టర్ గారు ప్రతి సమాధి దగ్గరా చెబుతారు. మా బాపు మాత్రం చనిపోయినవాళ్లను నిద్రించారనే అనేవాడు. లోకాంతాన కడబూర మోగేదాకా నిద్ర, మోగితే లేవడం. రెండూ నమ్మాను. రెండింటికీ తేడా ఉందని నలభై ఒక్కేళ్లలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇప్పుడు మంచం మీద పడుకుని, నేను చచ్చి వచ్చాను, అక్కడ ఎవరూ లేరు, అన్న మాట నాలో తిరగడం మొదలుపెట్టింది. దాన్ని ఎవరికి చెప్పుకోవాలి? ప్రార్థన చేయబోతే మొదటి మాట దగ్గరే నోరు ఆగేది.

ఒకటి మాత్రం చూశాను. అది ట్యూబ్ తీసేసే ముందు రోజుల్లో. ఐసీయూ గదిలోకి పత్తి రాలుతోంది. నేల నిండి, మంచం నిండి, ఫ్యాను దాకా తెల్లగా పత్తి. నీలం బట్టల మనుషులు అందులో ఈదుతున్నట్టు నడుస్తున్నారు. పత్తి నా నోట్లోకి, ముక్కులోకి వస్తోంది. అరవలేకపోతున్నాను. గొంతు వచ్చాక ఇది మా ఆయనకు చెప్పాను. డాక్టర్ గారు విని నవ్వారు. "ఐసీయూ డెలీరియం అమ్మా అది. మత్తు మందులకు, ట్యూబ్‌కు గట్ల అయితది. ఇంటికి పోతే పోతది." ఇంటికి పోతే నిజంగానే పోయింది. కానీ మా ఆయన ఆ మాటను అప్పటికే ఊరికి ఫోన్‌లో చెప్పేశాడు, పాపం, సంతోషంలో. నేను ఇల్లు చేరేలోపు అది కరుణమ్మ పరలోకం చూసి వచ్చిందన్న మాటగా మారిపోయింది. తెల్లని మేఘాలు, నీలి వస్త్రాల దూతలు.

పదిహేడు రోజులకు ఇంటికొచ్చాను. చెంచా పట్టుకుంటే చెయ్యి వణికేది. దువ్వితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. చూడటానికి వచ్చినవాళ్లు మంచం అంచున కూర్చుని, ముందుకు వంగి, అందరూ ఒకటే అడిగేవారు. "ఏం చూసినవ్?" ఎదురింటి మరాఠీ ముసలమ్మ, మేమంతా మౌశీ అంటాం, చర్చికి వచ్చే మనిషి కూడా కాదు, ఆమె సైతం నా చెయ్యి నిమిరి, "దేవ్ దిస్లా కా?" అని అడిగింది. దేవుడు కనబడ్డాడా అని. నాకు నిద్ర వస్తోందని చెప్పి గోడ వైపు తిరిగేదాన్ని.

వదినె మాత్రం ఏమీ అడగలేదు. రోజూ వచ్చేది. నా కాళ్లకు నూనె రాసేది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి నా మొహం చూసేది.

నెల దాటాక ఒక ఆదివారం మెల్లగా చర్చికి నడిచాను. బయట అరుగు మీద ఏసోబు తాత కూర్చుని ఉన్నాడు. సంఘంలో సమాధులు తవ్వేది ఆయనే. నన్ను చూసి రెండు అరచేతులూ ముందుకు చాపాడు.

"చూడు బిడ్డా, ఇంక మానలే."

"ఏమైంది తాతా?"

"ఏమైంది అంటవేందే! నీ గుంత తవ్వితే పొక్కినయ్. సగం దాక మట్టే, కింద అంత బండ. నీ కోసం గింత కష్టపడ్తననుకోలే."

నేను ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాను. ఎవరూ నాకు చెప్పలేదు. ప్రవీణ్ ఫోన్ చేయగానే చర్చి గంట కొట్టారట. నా కోసం తెల్ల బట్ట తెచ్చారట. స్నేహ సమాధి పక్కనే గుంత తవ్వారట. ప్రవీణ్ అలా చెప్పాడని మా ఆయనకు చీకటి పడేదాకా తెలియదట. బండ అడ్డం పడి తవ్వడం లేటవుతుండగానే, బతికే ఉందని మా ఆయన ఫోన్ వచ్చిందట.

"మరి గుంత?" అన్నాను.

"తవ్విన గుంత ఉత్తగ ఉంచితే ఇంకొగల్ని గుంజుకుంటదని ఒగలు, గవన్నీ మనకు లేవని ఒగలు, గడియసేపు లొల్లి. గసువంటి పట్టింపులు విశ్వాసులకు ఉండొద్దని పాస్టరయ్య గూడ అన్నడు. అనుకుంటనే పార అందుకొని ముందుగాల ఆయనే పూడ్చిండు." తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, పక్కటెముక కలుక్కుమంది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. మనిషి బతికి ఉండగా తన గుంత సంగతి వినడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. గండం గడిచిన ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెడతాం. అందరినీ పిలిచి, పాటలు పాడి, బతికినవాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. తర్వాత భోజనాలు. మా ఆయన తారీఖు పెట్టేశాడు. చుట్టుపక్కల మూడు ఊళ్ల సంఘాలను పిలిచానని పాస్టర్ గారు సంతోషంగా చెప్పారు. "ఆ తెల్లని దర్శనం వివరంగా చెప్పమ్మా. ఎందరో బలపడతారు" అన్నారు. ఆయన మంచి మనిషి. నేను చనిపోయానని విన్నప్పుడు పిల్లవాడిలా ఏడ్చారట.

ఆ రోజు మధ్యాహ్నం పెరట్లో వంటలవుతున్నాయి. నేను వంటింట్లో పీట మీద కూర్చుని ఉన్నాను. వదినె నా ఎదురుగా కూర్చుని ఎల్లిగడ్డలు పొట్టు తీస్తోంది. మిగతావాళ్లు బయటికి పోయాక చేతులు ఆపింది.

"అందరి ముందల వద్దు కరుణా. నాకొక్కదానికి చెప్పు. చెప్పినవా?"

ఏం చెప్పాలో నలభై రోజులుగా ఆలోచిస్తున్నాను. చెప్పిన, నవ్వింది, అనడానికి రెండు మాటలు చాలు. ఆ రెండు మాటలతో ఆ మనిషి రెండేళ్ల తర్వాత కడుపునిండా తింటుంది. కాదని ఎవరు రుజువు చేస్తారు? నోటి దాకా వచ్చింది కూడా. కానీ నాకు అక్షరాలు నేర్పిన చోటే అబద్ధ సాక్ష్యం వద్దని నేర్పారు. ఆ బిడ్డ పేరు మీద అబద్ధం ఆడితే రేపటి నుంచి వదినె మొహం ఎలా చూస్తాను?

"చెప్పలే వదినె," అన్నాను. "నాకు స్నేహ కనబడలే. ఎవ్వరు కనబడలే. నాకేం తెలువలే."

"మరిచిపోయినవేమో. మందులకు మతిమరుపు వస్తదట."

"మరిచిపోలే."

"గా పత్తి? నీలం బట్టలు?"

"అది మత్తుకు వచ్చింది. భయమైంది, బుగులైంది నాకు. గది పరలోకం కాదు."

"నువ్ తల ఊపినవ్."

"ఊపిన."

"గయితే నా మాట ఏడవోయింది?"

ఆమె ఎల్లిగడ్డల గిన్నె పక్కకు జరిపి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, పెరటి దారిన ఇంటికి పోయింది. భోజనానికి రాలేదు.

నాలుగు గంటలకు కూడిక మొదలైంది. నన్ను నిలబెట్టారు. గోడ పట్టుకుని నిలబడ్డాను. డాక్టర్ల పేరునా నర్సమ్మ పేరునా దేవునికి స్తోత్రం చెప్పాను. ఆ తర్వాత, "నాకు ఏమీ కనబడలేదు. నేను పరలోకం చూడలేదు. చూశానని ఎవరైనా చెబితే అది నా మాట కాదు" అన్నాను. ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టర్ గారు తల దించుకున్నారు. అంతలో ఏసోబు తాత గొంతు లేచింది.

"కనబడకుంటే కనబడలే. మనిషి కనబడ్తున్నది సాలదా? లేవుండ్రి, కూర సల్లారుతున్నది."

అందరూ పోయాక పాస్టర్ గారు నా దగ్గరికొచ్చారు. "ఆ పత్తి సంగతి చెప్పి ఉంటే బాగుండేదమ్మా. దేవుడు మందుల మత్తులో కూడా చూపించవచ్చు కదా."

"చూపిస్తే గంత బుగులు పెట్టి చూపిస్తడా అయ్యగారూ?"

"నాకు కూడా తెలియదమ్మా" అని, నా తల మీద చెయ్యి పెట్టి, ప్రార్థన చేయకుండానే వెళ్లిపోయారు. ఆ మాట ఆయన నోట వినడం నాకు ఆ రోజుకు ఇంకో దిగ్భ్రమ. ఎందుకో కొంచెం తేలిక కూడా అనిపించింది.

పది రోజులకు నా కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. మళ్లీ కరీంనగర్. ఎకో తీసి, గుండె పంపింగ్ ముప్పై అయిదు శాతమే ఉందన్నారు. నీరు తీసే ఇంజెక్షన్లు ఇచ్చి మూడు రోజులు ఉంచారు. ఉప్పు మానేయమన్నారు. వార్డులో పగలంతా కిటికీ వైపు చూస్తూ పడుకుని, నాకు కంఠతా వచ్చిన వాక్యాలను ఒక్కొక్కటిగా తలుచుకున్నాను, ఎక్కడైనా పట్టు దొరుకుతుందేమోనని. అప్పుడు చిన్నప్పుడు బాపు చదివించిన సువార్తలోని పన్నెండేళ్ల పిల్ల గుర్తొచ్చింది. చనిపోయిన పిల్లను ప్రభువు చెయ్యి పట్టుకుని లేపాడు. ఇల్లంతా జనం. ఆ పిల్లను ఏం చూశావని ఆయన అడగలేదు. చూడవచ్చిన జనాన్ని ముందే బయటికి పంపేశాడు. ఆమెకు తినడానికి ఏదైనా పెట్టమన్నాడు. ఎన్నిసార్లు చదివానో, ఆ ఒక్క మాట ఎప్పుడూ నా కంటికి ఆనలేదు. దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చాను. రెండు నెలల తర్వాత ప్రార్థన వచ్చింది. మాటలు లేవు, ఏడుపే ప్రార్థన.

ఇంటికొచ్చిన రెండో రోజు పొద్దున వదినె వచ్చింది. కూడిక తర్వాత ఆమె మా గడప తొక్కడం అదే మొదటిసారి. చేతిలో గిన్నె ఉంది. పలకరించలేదు. గిన్నె నా ముందు పెట్టింది. మెత్తగా ఉడికించిన జొన్న గట్క.

"ఉప్పెయ్యలే. డాక్టర్ వద్దన్నడట గద."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్తేంది. తిను."

తినలేదు. ముందు చెప్పాల్సింది చెప్పకపోతే గొంతు దిగదు. "వదినె, ఒక్క సంగతి చెప్త. గా నాలుగు నిమిషాలు నేను ప్రార్థన చెయ్యలే. నమ్మలే. దేవుడా అని గూడ అనలే. బాప్తిస్మం తీసుకున్న సంగతి నాకు యాదిలనే లేదు. నేను ఆయనను పట్టుకోలే. నాకు తెల్వకుంటనే ఎవరో నా రొమ్ము మీద చేతులు పెట్టి ఒత్తుకుంట ఉన్నరు. నేను అడిగినంక ఒత్తలే వాళ్లు."

వదినె నేల చూస్తోంది.

"మన స్నేహ గూడ గట్లనే అనుకుంటున్న. అది ఆయనను పట్టుకున్నదా లేదా మనకు తెల్వది. ఆయన మాత్రం ఇడిచిపెట్టడు. నేను చూసి చెప్తలే. నమ్మి చెప్తున్న."

బయట మౌశీ కోళ్లను అదిలిస్తోంది.

"గయితే మీ బాపు అన్నట్టు, అది నిద్రల ఉన్నదంటవా?"

"నాకు గట్లనే అనిపిస్తది. నాకైతే బాధ లేకుండె, భయం లేకుండె. ఎంత యాళ్లయిందో గూడ తెల్వలే."

"నిద్రల ఉన్నోళ్లకు కోపం ఉంటదా?"

"ఉండదు వదినె."

"నేనన్న మాట?"

"గది గూడ ఉండదు."

అప్పుడు ఏడ్చింది వదినె. నిర్మల్ వరండాలో ఏడవని మనిషి, బిడ్డ సమాధి దగ్గర కూడా పళ్లు బిగించి నిలబడ్డ మనిషి, నా మంచం కోడు పట్టుకుని ఏడ్చింది. నేను ఆపలేదు. తర్వాత ముక్కు తుడుచుకుని, గిన్నె ముట్టి చూసి, "సల్లగయింది. నీ ముచ్చట్లల్ల పడి," అని తిట్టింది. వేడి చేసుకొచ్చి, నేను అంతా తినేదాకా కదల్లేదు. ఉప్పు లేని గట్క అంత రుచిగా ఉంటుందని నాకు తెలియదు.

ఇప్పుడు ఎనిమిది నెలలైంది. మొన్నటి ఎకోలో పంపింగ్ యాభై అయిదుకు, దాదాపు మామూలుకు, వచ్చింది. పొద్దున రెండు, సాయంత్రం ఒకటి మాత్రలు వేసుకుంటున్నాను. మొయ్యడం, వంగి కలుపు తీయడం ఇంకా వద్దన్నారు. గట్టు మీద కూర్చుని చరణం ఎత్తుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. చనిపోయాక ఏముంటుందో చూసి వచ్చినదాన్ని కాను నేను. మీరెలా చూడకుండా నమ్ముతారో నేనూ అలాగే నమ్ముతున్నాను. ఆ నాలుగు నిమిషాల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది. కృతజ్ఞత కూడా ఆ చోటు నుంచే పుడుతోంది.

మీలో ఎవరి ఇంటికైనా ఐసీయూ నుంచి మనిషి బతికి వస్తే ఒక్క పని చేయండి. మొదటి నెల రోజులు ఇంటివాళ్లు ఒకరు గుమ్మంలో కూర్చోండి. వచ్చినవాళ్లను ఏం చూశావని అడగనివ్వకండి, ఏం తిన్నావని అడగమనండి. డాక్టర్ తినమన్న మెత్తటి తిండి ఏదైనా చేతిలో పట్టుకుని రమ్మనండి. ఇక మనిషిని ఆస్పత్రికి తీసుకుపోయేటప్పుడు, పోయినవాళ్లకు అందించాల్సిన మాట మీ దగ్గర ఎంత బరువుగా ఉన్నా సరే, స్ట్రెచర్ మీది మనిషి చెవిలో పెట్టకండి. ఆ మనిషికి మిగిలిన ఊపిరి తన కోసమే చాలదు.